ఇంటిలోనే వానప్రస్థము

గృహస్థాశ్రమమునకు మనువు ఒక గడువు చెప్పెను. తల నెరసి, మేను ముడుతలు పడి, బిడ్డకు బిడ్డ కలుగుట చూచిన పిమ్మట గృహస్థు అడవిని ఆశ్రయింపవలెనని ఆయన శాసనము. భార్యను కొడుకులకు అప్పగించి వెళ్ళవచ్చును, లేదా వెంటబెట్టుకొని వెళ్ళవచ్చును. ఈ విధిలో పైకి కనబడని సౌకర్యమొకటి కలదు. వెళ్ళువాడు తండ్రి, ఉండువాడు కొడుకు. అగ్నిహోత్ర పరికరములు తప్ప తండ్రి ఏమియు తీసికొని పోనక్కరలేదు. ఏది ఉంచవలెను, ఏది పారవేయవలెను అని తలపోయనక్కరలేదు. బిందెలు, గంగాళములు, ధాన్యపు గాదెలు అన్నియు ఉన్నచోటనే ఉండును. వాటిపై 'నాది' అను మాట మాత్రమే ఆ యిల్లు వదలి వెళ్ళును.

మన కాలమున ఈ క్రమము తలక్రిందులైనది. ఇప్పుడు వెళ్ళుచున్నవాడు కొడుకు, ఉండిపోవుచున్నవారు తల్లిదండ్రులు. అడవికి పోవలసిన వయస్సున వారు నిండిన యింటికి కావలివారుగా మిగిలిరి. అప్పగించుటకు ఎదుట కొడుకు లేడు. బయలుదేరుటకు అడవియు లేదు. ఇట్టివారికి వానప్రస్థమను మాటకు అర్థమేమి? ఈ ప్రశ్న గ్రంథములలో పుట్టినది కాదు. ఇంటి సజ్జపైనున్న పాత సామాను వలన పుట్టినది.

హైదరాబాదు నగరమునకు వాయవ్యదిశగా మియాపూరు దాటినచో బాచుపల్లి వచ్చును. ఒకనాడు కుత్బుల్లాపూరు మండలములోని పల్లె అది. 1995లో ఆ పరిసరమున విజ్ఞానజ్యోతి ఇంజనీరింగు కళాశాల వెలసినది. 1998లో హైటెక్ సిటీ యందు సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఈ వైపు భూములకు ఇండ్లు మొలచినవి. 2016లో జిల్లాల పునర్విభజనయందు బాచుపల్లి ప్రత్యేక మండలమైనది. 2017 నవంబరులో మియాపూరు వరకు మెట్రో రైలు వచ్చినది. 2019లో ఊరు నిజాంపేట నగరపాలక సంస్థలో కలిసినది. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములనుండియు, నల్లగొండ, కరీంనగరము వైపునుండియు ఎందరో పిల్లల చదువుల కొరకు ఈ ప్రాంతమునకు తరలివచ్చిరి. ఊరిలోని అరయెకరము అమ్మి ఇచ్చట మూడు గదుల ఇల్లు కొనిరి. ఆ చదువు ఫలించినది. ఫలించినందుననే పిల్లలు ఇచ్చట నిలువలేదు.

అట్టి యిండ్లలో ఒకదానిని ఉదాహరణముగా తలచుకొందము. పేర్లతో పనిలేదు. ఆ వీథులలో ఏ తలుపు తట్టినను ఇంచుమించు ఇదే కథ వినవచ్చును.

భర్త విశ్రాంత ఉద్యోగి. భార్య నలుబదియేండ్లు ఆ కుటుంబమునకు వండి వడ్డించిన తల్లి. కొడుకు డల్లాసులో, కూతురు న్యూజెర్సీలో స్థిరపడిరి. ఒక గదిలో మంచముపై దుప్పటి మార్చుట తప్ప వేరు పనిలేదు. రెండవ గది తలుపు సగమే తెరచుకొనును, తక్కినది సామాను అడ్డము. అత్తగారి కాలపు ఇత్తడి గుండిగలు, కాపురమునకు వచ్చునాడు పుట్టింటివారిచ్చిన గంగాళము పల్లెనుండి లారీలో వచ్చినవి. పెండ్లిండ్లలో వచ్చిన స్టీలు గిన్నెలపై ఇచ్చినవారి పేర్లు చెక్కియున్నవి. వారిలో కొందరు ఇప్పుడు లేరు. కొడుకు ఎంసెట్ పుస్తకములు, కూతురు నాట్యము నేర్చుకొన్ననాటి గజ్జెలు, తరగతికొక కప్పు, తాడు తెగిన బ్యాటు అచ్చటనే యున్నవి. అన్నమాచార్య కీర్తనల క్యాసెట్లు ఒక అట్టపెట్టెనిండ కలవు. వాటిని పాడించు యంత్రము ఎన్నడో చెడిపోయినది. వీటన్నిటికంటె పైన, సజ్జమీద, గుడ్డ చుట్టిన చెక్క ఊయల యొకటి కలదు. ఇద్దరు పిల్లలును అందులోనే పెరిగిరి.

"వాడు వచ్చినప్పుడు అడుగుతాడేమో" అని తల్లి పుస్తకములను ముట్టుకొననీయదు. ఒకనాడు ఫోనులో కొడుకునే అడిగినది. "అవన్నీ ఇంకా ఉన్నాయా అమ్మా? పడేయండి" అని వాడు నవ్వెను. ఆ నవ్వులో నిర్లక్ష్యము లేదు. దూరదేశమందు ఉద్యోగము చేసుకొను యువకుడు పదునెనిమిదవ ఏటి లెక్కల పుస్తకము గురించి మరేమి చెప్పును? అయినను ఆ ఒక్క మాటకు ఆమె రెండు దినములు సరిగా భుజింపలేదు. వాడు పడవేయుమన్నది పుస్తకములనా, వాటిని దాచిన చేతులనా అని ఆమెకు తోచినది. ఈ బాధను తక్కువ చేసి చూచువాడు ఈ విషయమున ధర్మము చెప్పుటకు పనికిరాడు.

భర్తకు మాత్రము ఆ మాట అనుమతిగా వినబడినది. ఆయనకు మోకాళ్ళనొప్పి. సజ్జ దులుపుట కష్టము. ఎచ్చటనో ఉపన్యాసములో అపరిగ్రహమును గూర్చి విని యుండెను. భార్య చెల్లెలి యింటికి వెళ్ళిన దినమున పాత సామాను కొనువానిని పిలిపించి పుస్తకములు కిలోల లెక్కన తూచియిచ్చెను. బ్యాటు, కప్పులు, ఊయల కూడ ఆ బండిలోనే వెళ్ళినవి. సాయంకాలము ఆమె వచ్చి సజ్జ చూచెను, ఆయన ముఖము చూచెను. ఆయన ప్రసన్నుడై, "చూడు, ఇల్లు ఎంత తేలికపడిందో" అనెను. ఆమె కాళ్ళు కడుగుకొని వచ్చి, "మీ ఫైళ్ళ బీరువా ఎప్పుడు తూకం వేయిస్తారండీ?" అని మాత్రము అడిగెను. ఆ బీరువాలో ముప్పదియేండ్ల విద్యుత్తు రసీదులు, పదోన్నతి ఉత్తరువులు, ఒక్కటియు వదలక వ్రాసిన డైరీలు ఉన్నవి. ఆయన బదులు చెప్పలేదు.

ఇచ్చట జరిగినది త్యాగమా? భగవద్గీత అష్టాదశాధ్యాయమున భగవానుడు త్యాగమును మూడు తెరగులుగా విభజించి చెప్పెను. మోహముచేత విడుచుట తామసము. శరీరమునకు శ్రమ కలుగునను భయముచేత విడుచుట రాజసము, అట్లు విడిచినవానికి త్యాగఫలము లభింపదు. సంగమును, ఫలమును విడిచి కర్తవ్యమును చేయుటయే సాత్త్వికము. భగవానుడు అచ్చట చెప్పినది కర్మలను గూర్చియే, నిజము. కాని వస్తువులకును ఆ కొలత చక్కగా సరిపోవును. మోకాళ్ళనొప్పికి ఊయల అమ్మినవాడు పాపము చేసెనని చెప్పరాదు. సదుపాయము చేసికొనెను, అంతే. దానికి అపరిగ్రహమను పేరు పెట్టుటయే తగనిది. అంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. ఆయన విడిచినది తనది కాదు. ఒకరి మమకారమును మరియొకరు విడువలేరు.

ఈ సందర్భమున శ్రీవైష్ణవులకు కూరేశుల వృత్తాంతము స్ఫురింపక మానదు. కాంచీపురమునకు సమీపమందలి కూరమను గ్రామమున ఆయన మహాసంపన్నుడు. భగవద్రామానుజుల పాదములను ఆశ్రయింపగోరి సర్వస్వమును దానము చేసి, భార్యయైన ఆండాళ్‌తో శ్రీరంగమునకు బయలుదేరెను. దారిలో అడవి వచ్చినది. చీకటి పడినది. ఆమె, "ఇచ్చట భయమేమైన కలదా?" అని అడిగెను. ఒడిలో ఏమియు లేనివారికి భయమెక్కడిదని ఆయన ఆశ్చర్యపడెను. అప్పుడామె మెల్లగా చెప్పినది. భర్త నిత్యము ఉపయోగించు బంగారు గిన్నె నొకదానిని ఆమె కొంగున దాచి తెచ్చినది. తనకొరకు కాదు. అలవాటు పడిన పాత్ర లేక ఆయన ఇబ్బంది పడునని. కూరేశులు ఆ గిన్నెను తీసి దూరముగా పారవేసి, ఇక భయములేదు పదమని నడచిరని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి.

ఈ కథను సాధారణముగా గిన్నె వైపునుండియే చెప్పుదురు. దానిని రెండు విధముల చూడవలసి యున్నది. మొదటిది, ఆండాళ్ దాచినది లోభముచేత కాదు, ప్రేమచేత. ప్రేమ పేరు మీద దాచిన వస్తువు లోభముచేత దాచిన దానికంటె గట్టిగా పట్టుకొనును, ఏలననగా దానిని తప్పని చెప్పుటకు ఎవరికిని నోరు రాదు. బాచుపల్లి తల్లి ఎంసెట్ పుస్తకములు దాచుటయు అట్టిదే. రెండవది, ఆ గిన్నెను పారవేయుటకు కూరేశులకు అర్హత ఎట్లు వచ్చినది? అంతకు ముందే ఆయన తన పొలము, తన పశువులు, తన భవనము, తన పేరు విడిచి యుండెను. చివరకు మిగిలినది గిన్నె యొక్కటే, అదియు ఆయన సేవకే ఉద్దేశింపబడినది. తన బీరువా తాళముచెవి మొలకు కట్టుకొని భార్య సజ్జను ఖాళీచేయు భర్తకు ఆ కథను ప్రమాణముగా చూపు హక్కు లేదు.

ఇక ఊయల సంగతి. మూడవనాడు ఆ తల్లి ఎవరికిని చెప్పక, చేతిసంచిలో డబ్బు పెట్టుకొని, వీథి మలుపున నున్న పాత సామాను దుకాణమునకు వెళ్ళెను. అడిగినంత యిచ్చి ఊయలను వెనుకకు తెచ్చుకొనవలెనని ఆమె సంకల్పము. దుకాణము వెనుక రేకుల పాక. లోపల దూలమునుండి ఆ ఊయల వ్రేలాడుచున్నది. అందులో దుకాణదారుని పసిబిడ్డ నిద్రించుచున్నది. తల్లి ఒక చేత ఇనుపముక్కలు ఏరుచు, మరియొక చేత త్రాడు లాగుచున్నది. ఈమె ఒక నిమిషము నిలబడి, ఏదియో దారి అడిగినట్లు అడిగి, వచ్చిన దారినే ఇంటికి వచ్చెను. ఆ సంగతి భర్తకు చెప్పలేదు. మరునాడు తన చీరలలో మెత్తని నేతచీర యొకటి, ఎచ్చటను చిరుగు లేనిది, మడతపెట్టి తీసికొని పోయి, "పాపకి పక్క వెయ్యి" అని ఆ స్త్రీకిచ్చి వచ్చినది.

చిరుగు లేనిది అని చెప్పుటలో విశేషము కలదు. కఠోపనిషత్తు ఇట్టి దానము దగ్గరనే ప్రారంభమగుచున్నది. వాజశ్రవసుడు సర్వస్వదానమను యాగము చేయుచు గోవులను ఇచ్చుచుండెను. అవి త్రాగవలసిన నీరు త్రాగివేసినవి, మేయవలసిన గడ్డి మేసివేసినవి, ఈయవలసిన పాలు ఇచ్చివేసినవి. ఇల్లు ఖాళీ అయినది, దానమను పేరు వచ్చినది, ఒక పనికి రెండు లాభములు! కుమారుడైన నచికేతుడు చిన్నవాడు. చూచి ఊరకుండలేకపోయెను. మన యిండ్లలో ఏటేట జరుగు దానములను ఆ బాలుడు చూచినచో ఏమనును? పిడి ఊడిన కుక్కరు పనిమనిషికి, అంచులు చిరిగిన బొంతలు అనాథాశ్రమమునకు, కాలముచెల్లిన మందులు ఉచిత వైద్యశాలకు పంపి పుణ్యము వచ్చినదనుకొందుము. పారవేయవలసిన దానిని పారవేయుట మంచి పని. దానికి చెత్తబండి కలదు. దానిని మరియొకరి చేతిలో పెట్టి నమస్కారము కోరుట మాత్రము దానము కాదు. గౌరవము లేక, తిరస్కారముతో ఇచ్చునది తామసదానమని గీతయే చెప్పుచున్నది.

అయితే నచికేతుని ప్రశ్న ముసలి గోవులతో ఆగలేదు. "తండ్రీ, నన్నెవరికిచ్చెదవు?" అని అతడు మూడుమారులు అడిగెను. తండ్రికి కోపము వచ్చినది. సర్వస్వమును ఇచ్చుచున్నానను తండ్రి లెక్కలో కొడుకు చేరలేదని ఆ బాలుడు కనిపెట్టెను. 'నావి' అను పట్టికలో మొదటి పేరు తనదేయని అతనికి తెలియును.

పాత సామాను ప్రశ్న అంతయు ఇచ్చటకు వచ్చి నిలుచుచున్నది. ఆ గదిలోనున్నవి వస్తువులు కావు. వాటిలో తల్లిదండ్రులు దాచుకొన్నది కొడుకును. ఎదిగి, పెండ్లియై, తన పిల్లలను బడికి పంపుచున్న ఆ పురుషుని కాదు. పదునెనిమిదేండ్లవానిని, అర్ధరాత్రి చదువుచుండగా పాలు కాచి ఇచ్చిన ఆ బాలుని. గది ఖాళీచేసి ఆ పట్టును విడువనిచో పని ఏమియు జరగలేదు. గదిని అట్లే యుంచి ఆ పట్టును విడిచినచో చాలవరకు జరిగినట్లే. భరతచక్రవర్తి రాజ్యమును గడ్డిపరకవలె విడిచి గండకీతీరమున తపస్సు చేయుచు, ఒక్క లేడిపిల్లను పెంచి దానికొరకే మరుజన్మమున లేడియై పుట్టెనని భాగవతము చెప్పుచున్నది. లేడిపిల్లను కాపాడుట తప్పు కాదు. అది నీటిలో కొట్టుకొనిపోవుచుండగా చూచి ఊరకుండువాడు ఋషి యెట్లగును? అది తనదని తలచుటలోనే చిక్కు వచ్చినది. విడిచిన రాజ్యము ఎంత పెద్దదైనను, పట్టుకొన్నది పిడికెడైనను లెక్క మారలేదు.

మరి కొడుకును ఎవరికీయవలెను? వైష్ణవ సిద్ధాంతమున దీనికి సంకోచము లేని సమాధానము కలదు. జీవుడు శేషభూతుడు, శ్రీమన్నారాయణుడు శేషి. వస్తువును దాని యజమానునకు అప్పగించుట దానము కాదు, లెక్క అప్పగించుట. తల్లిదండ్రులు ఆ బిడ్డకు ఇరువదియేండ్లు ధర్మకర్తలు. ఆలయ ధర్మకర్త పదవీకాలము ముగిసిన పిదప తాళముచెవులు అప్పగించుటకు దుఃఖింపవచ్చును గాని, అప్పగింపనని పట్టుబట్టరాదు. బిడ్డ వెళ్ళినచోట స్వామి లేడా? అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున శ్రీ వేంకటేశ్వరస్వామి 1970ల దశకమునందే వెలసెను. ఈ పిల్లలు పుట్టక పూర్వమే ఆయన అచ్చటికి చేరియుండెను.

సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మము చెప్పుచు, దేహికి తన కడుపు నిండునంతటి మీదనే హక్కనియు, అంతకు మించినది తనదనువాడు చోరుడనియు తేల్చివేసెను. కఠినమైన మాట. దీనిని వినదగినవారు ఎవరో గుర్తెరిగి చెప్పవలెను. బాచుపల్లిలో ఆకాశమంటు భవనములు కట్టు కూలీలు ఆ భవనముల ప్రక్కనే రేకుల పాకలలో నివసింతురు. పాలమూరు వైపునుండి కొందరు, ఒడిశా, బీహారు రాష్ట్రములనుండి కొందరు. రెండు గిన్నెలు, ఒక బకెట్టు, దుప్పట్ల మూట, ఇవి వారి యావదాస్తి. పై అంతస్తునుండి క్రిందికి చూచి, వీరి జీవితమెంత నిరాడంబరమని మెచ్చుకొనువారు కలరు. అది నిరాడంబరత కాదు, లేమి. విడుచుటకు మొదట ఉండవలెను. నారదుని వాక్యము మూడు గదులు నిండినవారిని ఉద్దేశించినది.

ఆచరణలోనికి వచ్చినచో, ఏమి పారవేయవలెనను ప్రశ్నతో మొదలుపెట్టినవారు తరచుగా మధ్యలోనే ఆగిపోవుదురు. ప్రతి వస్తువును తన పక్షమున వాదించును. తిరుమలలో దీనికి వేరొక మార్గము కలదు. ఉగాది, ఆణివార ఆస్థానము, బ్రహ్మోత్సవములు, వైకుంఠ ఏకాదశి, ఈ నాలుగింటికి ముందు వచ్చు మంగళవారమున కోయిల్ ఆళ్వార్ తిరుమంజనము జరుగును. మూలమూర్తికి వస్త్రము కప్పి, గర్భాలయమందలి సామగ్రిని వెలుపలికి తెత్తురు. గోడలు, ద్వారములు, పైకప్పు నీటితో కడిగి, శ్రీచూర్ణము, కస్తూరిపసుపు, గడ్డకర్పూరము, కిచిలిగడ్డ మున్నగు సుగంధద్రవ్యములు కలిపిన జలమును ప్రోక్షింతురు. అటు పిమ్మట వస్త్రము తొలగించి, పూజ చేసి, నైవేద్యము పెట్టుదురు. వెలుపలికి వచ్చినవానిలో స్వామి సేవకు వలసినవే తిరిగి లోపలికి వెళ్ళును. గమనింపుడు, అచ్చట ఏది పారవేయవలెనని ఎవరును అడుగరు. ఏది తిరిగి లోపలికి పోవలెనన్నదే విచారణ.

ఇంటికిని ఇదే పద్ధతి. గది యొక్కటి యొక్కటిగా అంతయు వెలుపలికి తెచ్చి, కడిగి, దేని పని యేమో చూచి లోపలికి తీసికొనవలెను. పని యనగా నేమి? పాంచరాత్రము దినమును అయిదు కాలములుగ విభజించినది: అభిగమనము, ఉపాదానము, ఇజ్య, స్వాధ్యాయము, యోగము. స్వామి సన్నిధికి చేరుట, ఆరాధనకు వలసినవి సమకూర్చుట, ఆరాధించుట, గ్రంథములు చదువుట, ధ్యానించుట. సమకూర్చుట కూడ ఇందులో ఒక భాగమేయని మరువరాదు. కావున వస్తువులు శత్రువులు కావు. వంటపాత్ర ఇజ్యలో చేరును, కళ్ళద్దములు స్వాధ్యాయములో చేరును, అతిథికొరకు ఉంచిన చాప కూడ సేవలోనిదే. పెండ్లికి వచ్చిన నలుబది స్టీలు డబ్బాలు ఈ అయిదింటిలో దేనియందు చేరునో ఇల్లాలికే తెలియును. పిల్లలు ఉన్ననాళ్ళు ఉదయపు ఆరాధన బడి బస్సు వేళకు లోబడి జరిగినది. ఇప్పుడు బస్సు రాదు. ఖాళీ అయిన గది కంటె ఖాళీ అయిన ఉదయము విలువగలది. దానిని మాత్రము వెంటనే టెలివిజనుతో నింపువారు ఎందరో!

పూజామందిరము చెంత చిక్కు ఎక్కువ. ఏడాదికొక క్యాలెండరు, యాత్రకొక పటము, పెండ్లిపత్రికలపై వినాయకుడు, వేంకటేశ్వరుడు. చింపరాదు, ఉంచ చోటులేదు. చివరకు పగిలిన అద్దముల పటములను రావిచెట్టు క్రింద వదలి వత్తురు. వానకు తడిసి, కుక్కలు త్రొక్కు చోట వదలుట భక్తి యెట్లగును? కాగితపు పటములను మంచినీటిలో నాననిచ్చి, కరగిన గుజ్జును ఇంటిలోని పూలమొక్క మొదట కలుపవచ్చును. స్వామివారి పూలమాల కూడ మరునాటికి నిర్మాల్యమే. ప్రేమకొలది నిన్నటి మాలను నేడును ఉంచరు. తిరుమలలో ఆ పూలను ఎవరును ధరింపరు. పూర్వము పూలబావిలో నిక్షేపించువారు. 2021 నుండి దేవస్థానపు ఆలయములలో వాడిన పూలతో అగరువత్తులు చేయుచున్నారు. తీసివేయుట అపచారము కాదు, తీసివేసిన దానిని అగౌరవపరచుటయే అపచారము.

సాలగ్రామము మాట వేరు. దానిని వస్తువుల లెక్కలో చేర్చుటయే తప్పు. దానికి వెలకట్టుట, అమ్ముట పెద్దలు నిషేధించిరి. అది ఇంటి యజమాని. తమ తరువాత తిరువారాధన చేయు ఓపిక పిల్లలకు కలదా అని ముందుగనే, చేతులు పనిచేయుచుండగనే, సూటిగా అడుగవలెను. లేదన్నచో నిష్ఠగల బంధువునకో, ఆలయమునకో సమర్పించుట మేలు. అడుగుటకు సంకోచపడి అల్మారాలో వదలిపోయిన సాలగ్రామములు ఎన్ని యిండ్ల తాళముల వెనుక నున్నవో! మన దంపతులు డల్లాసుకు ఆరు మాసములు వెళ్ళినప్పుడు సాలగ్రామ సంపుటము ఆమె చేతిసంచిలోనే యుండెను. దానితోపాటు ఆయన కళ్ళద్దములు, ఆమె మందులు. అచ్చట మరేమియు అవసరపడలేదు. తిరిగివచ్చి తలుపు తెరచినప్పుడు తమ సామానును చూచి ఇద్దరును ఒకరి ముఖము ఒకరు చూచుకొనిరి. ఆ వారమే ఆయన, ఎవరును చెప్పకయే, ఫైళ్ళ బీరువా తెరచెను. డైరీలు తీసి, ఒకటి మాత్రము చదువుచు సాయంకాలము వరకు కూర్చుండెను. రసీదులు వెళ్ళినవి. డైరీలు ఇంకను కలవు.

వారికి బాకీ యొకటి మిగిలియుండెను. గండిపేట చెరువు సమీపమందలి చిలుకూరు బాలాజీ ఆలయమున పదునొకండు ప్రదక్షిణములు చేసి కోరిక నివేదించుకొనుట, అది నెరవేరిన పిదప వచ్చి నూటయెనిమిది చేయుట ఆచారము. పై దేశముల అనుమతి కోరి వచ్చు యువకులు అధికమగుటచే ఆయనకు వీసా బాలాజీ అను పేరు కూడ వచ్చినది. కొడుకు మ్రొక్కు అప్పుడే తీరినది. కూతురి మ్రొక్కు మోకాళ్ళనొప్పి వలన ఏండ్లతరబడి వాయిదాపడినది. ఒక ఉదయము ఇద్దరును బయలుదేరిరి. ఆ ఆలయమున హుండీ లేదు. ఏదో ఒకటి సమర్పింపవలెనని ఆమె చేయి అలవాటు చొప్పున కొంగుముడి వైపు పోయి, ఆగినది.

లెక్క తప్పకుండుటకు అంకెలు అచ్చువేసిన చిన్న కాగితమును, ఒక కలమును చేతబట్టుకొని నడచిరి. చుట్టును పరుగువంటి నడకతో యువకులు దాటిపోవుచుండిరి. ఇరువదింటికొకసారి ఆయన కూర్చుండెను. ఆమె ఆయనకొరకు ఆగి, మరల మొదలుపెట్టెను. ఎండ నెత్తికెక్కువేళకు నూటయెనిమిదియు పూర్తియైనవి. నీడలో కూర్చున్న పిదప ఆయన, "ఇంతసేపూ ఏం కోరుకున్నావు?" అని అడిగెను.

"ఏమీ కోరుకోలేదండీ. లెక్క తప్పుతుందేమోనని" అని ఆమె కాగితమును మడచినది.